నాన్న ఉండగా తీసిన మీసం

శ్రీపతిని నరబలి ఇచ్చిన సంగతి ఆక్లండ్ శివారు న్యూ లిన్‌లో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని నమ్మకండి. నేను అతనితో ఒకే ఫ్లాట్‌లో నాలుగేళ్ళు ఉన్నాను. అతను వండింది తిన్నాను, అతని షాంపూ వాడాను, అతని తరఫున అబద్ధాలాడాను. ఇంతకంటే దగ్గరి సాక్షి ఎక్కడా దొరకడు.

రేపల్లె నుంచి 2008లో హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమాకని ఆక్లండ్ వచ్చాడు శ్రీపతి. అదే ఏడాది అదే కాలేజీలో నేనూ చేరాను. అతను పూర్తి చేశాడు, నేను రెండో సెమిస్టర్‌లో వదిలేశాను. కాలేజీయే నన్ను వదిలేసిందని గిట్టనివాళ్ళు చెప్పుకుంటారు. నిజానికి నేను వెళ్తుంటే ప్రిన్సిపాల్ గేటు దాకా వచ్చి బతిమాలాడు. ఆ రోజు వాన కాబట్టి ఎవరూ చూడలేదు.

డిప్లొమా అయ్యాక శ్రీపతి ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో ఐదేళ్ళు కివీలకి, అంటే న్యూజిలాండ్ జనానికి, బటర్ చికెన్ చేశాడు. దాన్ని అతను ‘ఎర్ర పాయసం’ అనేవాడు. ఆదివారాలు మాత్రం మనవాళ్ళ ఇళ్ళలో వండేవాడు. అతను పులిహోర కలిపితే మెతుక్కి మెతుకు అంటేది కాదు. మనిషి సన్నం, మాట తక్కువ, మీసం మాత్రం ఒత్తు. ముఖంలో సగం బరువు అదే. 2014 చలికాలంలో రెస్టారెంట్ మానేసి సొంతంగా శుభకార్యాలకి వండిపెట్టే పని మొదలుపెట్టాడు. బోర్డు లేదు, వ్యాన్ లేదు, ఉన్నదల్లా ఒక ఫోన్ నంబరూ ఆ చెయ్యీ.

మొదటి పెద్ద పని ఇక్కడి మన తెలుగువాడే, భార్గవ్ ఇంట్లో వచ్చింది. అతని భార్య వర్షిణికి సీమంతం, నూటయాభై మంది భోజనాలు, అక్టోబర్ నెలాఖరు ఆదివారం. ఈ ఒక్కటి బాగా జరిగితే ఆక్లండ్‌లో ఏ తెలుగింట్లో శుభకార్యమైనా శ్రీపతి పేరే వినపడుతుంది. చెడితే మళ్ళీ ఎర్ర పాయసమే.

వర్షిణికి ముందటేడాది ఐదో నెలలో కడుపు పోయింది. అందుకని ఈసారి తెనాలి నుంచి అత్తగారు కోటేశ్వరమ్మ వచ్చారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. ముప్పై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో తిరిగి, చీటీ పెట్టుకున్నవాణ్ణి వాడి వీపు చూసి పట్టుకున్న మనిషి. విమానం దిగి నన్ను చూసీ చూడగానే, “నువ్వు మధ్యలో చదువు మానేశావు కదూ?” అన్నారు. ఎవరూ చెప్పలేదు. చెప్పలేదని అందరూ ప్రమాణం చేశారు.

ఇక సినిమా సంగతి.

సెప్టెంబర్ చివర్లో ఒక ఏజెన్సీవాళ్ళు మనుషులు కావాలని ప్రకటించారు. మాయా రాజ్యాల మీద సినిమా అట. మాయా అంటే మన మాయ కాదు. ఉత్తర దక్షిణ అమెరికాల నడుమ ఒకప్పుడు అడవుల్లో రాతి నగరాలు కట్టుకుని ఏలిన జనం. కథంతా నరుక్కోవడాలే. ఒక రాజు ఇంకో రాజు మనుషుల్ని పట్టుకొస్తాడు, వాళ్ళని మెట్ల గుడి పైకి ఎక్కిస్తాడు, గుండెకాయ తీయిస్తాడు. మళ్ళీ ఇంకో ఊరి మీద పడతాడు. ఊరి బయట వైటాకెరే కొండల్లో చెక్కా థర్మకోలూ పెట్టి ఏడంతస్తుల గుడి కట్టారు. బందీలుగా సన్నగా, చామనఛాయగా ఉండేవాళ్ళు కావాలి. ఇక్కడి మూలవాసులు మావోరీ కుర్రాళ్ళు ఒక్కొక్కరు గుమ్మం పట్టరు, వాళ్ళని సైనికులుగా పెట్టుకున్నారు. ఆకలికి మాడిన మొహాల కోసం వెతికితే తేలింది మనవాళ్ళే.

నేనూ వెళ్ళాను. నన్ను చూసి డైరెక్టర్ రెండు అడుగులు వెనక్కి వేశాడు. “ఇది రాజు ముఖం, దీనికి సంకెళ్ళు వేస్తే ఎవరూ నమ్మరు” అన్నాడు. ఇంగ్లిష్‌లో వేరే మాటల్లో అన్నాడు, భావం అదే. శ్రీపతిని మాత్రం వెంటనే తీసుకున్నారు. మామూలు బందీ కాదు, పేరున్న బందీ. అక్టోబర్ ఆఖరి శనివారం, అంటే సీమంతానికి ముందురోజు, అతన్ని మెట్ల మీదికి ఈడ్చుకెళ్ళి బలి ఇస్తారు, కెమెరా ముఖం మీదే ఉంటుంది.

షరతులు నాలుగు. సినిమా గురించి బయట ఎవరికీ చెప్పకూడదని కాగితం మీద సంతకం. ఎముకలు కనపడాలి కాబట్టి రోజుకి ఒకపూటే భోజనం. అరికాళ్ళు గట్టిపడాలి కాబట్టి చెప్పుల్లేకుండా తిరగాలి. నాలుగోది చెప్పేటప్పటికి మేకప్ అమ్మాయి రేజర్ చేతిలో పట్టుకుని ఉంది. ఆ జనానికి మీసాలుండవట.

శ్రీపతి ఆ రోజు తిరిగొచ్చేశాడు. “నాన్న ఉన్నార్రా” అన్నాడు.

“ఉంటే?”

“ఉండగా మీసం తీస్తారా ఎవరైనా?”

“పది రోజుల్లో మళ్ళీ మొలుస్తుంది అన్నా. నాన్నగారు రేపల్లెలో ఉన్నారు, మీసం న్యూజిలాండ్‌లో ఉంది. రెండూ ఎక్కడ కలుస్తాయి?”

ఈ సలహా నాదే. ఒప్పుకుంటున్నాను. మర్నాడు మీసం తీయించుకున్నాడు.

వారం వారం తండ్రి వీరరాఘవయ్యగారితో వీడియోలో మాట్లాడే మనిషి, ఆ వారం కెమెరా పాడైందని చెప్పి గొంతు మాత్రమే వినిపించాడు. ఇంకో వారమూ అంతే.

షూటింగ్ మొదలైంది. తెల్లారుతూనే వెళ్ళేవాడు, పొద్దు గుంకాక వచ్చేవాడు. బలికి సిద్ధం చేసినవాళ్ళకి ఒళ్ళంతా నీలం పూస్తారు. ఎంత కడిగినా చెవుల వెనక మిగిలేది. ఇండియన్ షాపులో కనపడడం మానేశాడు, గుళ్ళో కనపడడం మానేశాడు. బూడిద రంగు ముఖం, ఒట్టి కాళ్ళు, లోపలికి పోయిన పొట్ట. ఈ దేశంలో చెప్పుల్లేకుండా సూపర్‌మార్కెట్‌కి వెళ్ళినా కివీలు కన్నెత్తి చూడరు, వాళ్ళూ అలాగే వస్తారు. చూసేవాళ్ళు మనవాళ్ళు.

సీమంతానికి ముందు మంగళవారం సాయంత్రం కోటేశ్వరమ్మగారు వంటకాల పట్టీ రాసుకోవడానికి మా ఫ్లాట్‌కి వచ్చారు. చేతిలో నోట్‌బుక్, డబ్బాలో జంతికలు. నేను స్నానంలో ఉన్నాను. ఆ తర్వాత జరిగినదానికి ఆ స్నానమే కారణం.

“తీసుకో బాబూ, పొద్దున చేశాను” అని డబ్బా మూత తీశారట.

“వద్దు పిన్నిగారూ. ఒంటిపూటే తింటున్నాను.”

ఆవిడ చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. కళ్ళు కాళ్ళ మీదికి దిగాయి, కాళ్ళ మీద నుంచి ముఖం మీదికి వచ్చాయి.

“మీసం ఏమైంది?”

“స్కిన్ ఎలర్జీ అండీ. డాక్టర్ తీసేయమన్నాడు.”

అప్పుడు నేను తల తుడుచుకుంటూ బయటికి వచ్చాను. ఆవిడ నావైపు తిరిగి, ఎంతో మామూలుగా, “మీ అన్న మీసం చూశావా, ఏమైందయ్యా?” అని అడిగారు.

సంతకం పెట్టింది శ్రీపతే అయినా రహస్యం కాపాడాల్సిన బాధ్యత నాకూ ఉంది కదా. “అదా ఆంటీ! మొన్న మిరపకాయ బజ్జీలు వేస్తుంటే మంట ఆరడుగులు లేచింది. సీలింగ్ నల్లబడింది. ఫైర్ ఇంజన్లు రెండొచ్చాయి. నేను లాక్కురాకపోతే మీసంతో ఆగేది కాదు” అన్నాను.

కోటేశ్వరమ్మగారు సీలింగ్ వైపు చూశారు. తెల్లగా ఉంది.

“చెవి వెనక ఆ నీలం ఏమిటి?”

“ఇంకు” అన్నాడు శ్రీపతి.

“పెయింట్” అన్నాను నేను. ఇద్దరం ఒకేసారి అన్నాం.

ఆవిడ నోట్‌బుక్ మూశారు. పట్టీలో ఒక్క వంటకమూ రాయలేదు. జంతికల డబ్బా కూడా తీసుకుపోయారు.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. షూటింగ్‌కి సెలవు రోజు, ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. శ్రీపతి స్పీకర్‌లో పెట్టాడు.

“బాబూ, దాచకుండా చెప్పు. నాన్నగారు ఎప్పుడు పోయారు?”

శ్రీపతి చెయ్యి మీసం లేని పెదవి మీదికి పోయింది.

“మీసం లేదు. ఒంటిపూట తింటున్నావు. కాళ్ళకి చెప్పుల్లేవు. పదకొండు రోజుల పాటు ఎవరికీ కనపడలేదు. మీ ఇద్దరూ చెరో సమాధానం రాశారు. నేనేం అనుకోవాలి?”

“నాన్న బాగున్నారండీ! నిక్షేపంగా ఉన్నారు.”

“వంట పోతుందని దాస్తున్నావేమో. నాకు నీ మీద కోపం లేదు నాయనా. కానీ ఏటిసూతకం ఉన్నవాడు సీమంతానికి వండకూడదు. ఆ పిల్లకి ఒకసారి అయింది. రెండోసారి ఏమన్నా అయితే, నాకు అనుమానం వచ్చీ ఊరుకున్నానని నేను జన్మంతా ఏడవాలి.”

ఆ మాటకి నా నోట కూడా జోకు రాలేదు. తండ్రి పోయిన ఏడాదంతా కొడుకు శుభకార్యాలకి దూరంగా ఉంటాడు. అది ఆవిడ కనిపెట్టింది కాదు, శ్రీపతి ఇంట్లోనూ అంతే.

“ఫోన్‌లో మాట్లాడిస్తానండీ, ఇప్పుడే.”

“గొంతు ఎవరిదైనా కావచ్చు. మీ ఇంట్లో ఒకడున్నాడుగా.”

అన్యాయం అనలేను. ఒక పుట్టినరోజు పార్టీలో పదహారు గొంతులు అనుకరించి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. ఆవిడ ఫోన్ పెట్టేలోగా వీరరాఘవయ్యగారి గొంతు ఎలా తేవాలా అని గొంతు సవరించుకుంటున్నవాణ్ణి కూడా.

“మనిషిని చూపించు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మా ఇంటికి రా, మా లాప్‌టాప్‌లో చూస్తాను. లేకపోతే వేరేవాళ్ళకి చెప్పుకుంటాం” అని పెట్టేశారు.

అప్పటికే మాట పాకింది. గృహప్రవేశానికి అడిగిన ఒకరు “మళ్ళీ చెప్తాం” అన్నారు. నామకరణానికి అడిగినవాళ్ళు ఫోనే ఎత్తలేదు. షాపులో ఒకావిడ నన్ను ఆపి, “పాపం, మీ ఫ్రెండ్ ఇండియా కూడా వెళ్ళలేకపోయాడా?” అంది. నేను ఏ మొహం పెట్టినా ఆవిడకి కావలసిన అర్థమే తీసుకుంది.

“చూపించెయ్ అన్నా, ఐదు నిమిషాల పని” అన్నాను.

“ఎలా చూపించనురా? నాన్న బతికున్నారని ఆవిడకి తెలియాలంటే నాన్న నన్ను చూడాలి. ఈ ముఖం ఆయనకి ఎలా చూపించను?”

అప్పుడు తెలిసింది నాకు కెమెరా ఎందుకు పాడైందో. బతికున్న తండ్రి ముందుకి మీసం తీసేసి రావడమంటే ఆయన ఫొటోకి దండ వేసి ఆయనకే చూపించడం. ఆ రెండు రోజులూ శ్రీపతి ఆ ఒంటిపూట కూడా తినలేదు. మేకప్ అమ్మాయి మాత్రం పక్కటెముకలు అద్భుతంగా వచ్చాయని మెచ్చుకుందట.

శుక్రవారం ఆరింటికి భార్గవ్ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్. భార్గవ్ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. వర్షిణి నడుం వెనక దిండు పెట్టుకుని సోఫాలో కూర్చుంది. కోటేశ్వరమ్మగారు నన్ను దూరంగా, ఎదురుగా, తనకి నా నోరు కనపడేలా కూర్చోబెట్టారు. ఇన్విజిలేటర్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

రేపల్లెలో అప్పుడు ఉదయం పదిన్నర. రింగు వెళ్ళింది. తెర వెలిగింది. బనీను మీద తువ్వాలు, కళ్ళజోడు, తెల్లటి గుబురు మీసం. ఆ మీసం చూస్తే శ్రీపతిది ఎక్కడిదో ఎవరికైనా తెలుస్తుంది.

వీరరాఘవయ్యగారు కెమెరాలోకి చూశారు. ఏమీ అనలేదు. కదల్లేదు.

“చూశావా!” అన్నారు కోటేశ్వరమ్మగారు. “ఫొటో పెట్టాడు.”

“కాదత్తయ్యా, నెట్ స్లోగా ఉందేమో” అంది వర్షిణి.

“వెనకాల ఫ్యాన్ తిరుగుతోంది కదండీ” అన్నాను నేను.

“నువ్వు నోరు మూసుకో. నీ పెదాలు కదిలితే నాకు కనపడుతుంది.”

ఫ్యాను తిరుగుతూనే ఉంది. తువ్వాలు అంచు ఊగుతూనే ఉంది. ఆయన మాత్రం కొడుకు ముఖంలో ఖాళీగా ఉన్న ఆ చోటునే చూస్తున్నారు. తర్వాత పెదాలు కదిలాయి.

“ఎవర్రా పోయింది?”

శ్రీపతి తల దించుకున్నాడు.

“మీ బాబాయా? నాకెవరూ చెప్పలేదేం? చెప్పరా! నాకేమవుతుందోనని దాస్తున్నారా అందరూ?”

కోటేశ్వరమ్మగారు కుర్చీలోంచి లేచారు. ఎదుటివాడి చేతిలో ఉన్నది చీటీ కాదని, హాల్ టికెట్టేనని తెలిసినప్పుడు ఏ ఇన్విజిలేటరైనా అలాగే లేస్తుంది.

“ఎవరూ పోలేదు నాన్నా. సినిమా కోసం.”

“ఏం సినిమా?”

సంతకం పెట్టిన కాగితం సంగతి శ్రీపతి మరిచిపోయాడు. మాయావాళ్ళు, బందీలు, మెట్ల గుడి, నీలం రంగు, అన్నీ చెప్పాడు. “మాయే, నాకు ముందే అనిపించింది” అని కోటేశ్వరమ్మగారు గొణిగారు. ఆయన వింటూ కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడిచారు.

“ఇంతకీ నీ వేషం ఏమిటి?”

“నన్ను... బలి ఇస్తారు నాన్నా. రేపే.”

“ఎట్లా?”

“గుండె తీస్తారు.”

“బావుంది. నీ గుండె వాళ్ళు తీస్తారు, నా మీసం నువ్వు తీశావు.” కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “వాళ్ళకంటే తెలియదు సరే. నేనున్నానని నీకు తెలుసు కదరా?”

శ్రీపతి ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. తప్పు చేసిన పిల్లాడు గోడవైపు తిరిగినట్టు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు కోటేశ్వరమ్మగారు లాప్‌టాప్‌కి ఎదురుగా వచ్చి పమిట సర్దుకున్నారు.

“నమస్కారం అన్నయ్యగారూ. తప్పు నాది. నేను అనుమానపడ్డాను. మీరు ఉన్నారో లేరో చూపించమని నేనే పట్టుబట్టాను.”

“చూశారుగా తల్లీ. ఏటా నవంబర్‌లో ట్రెజరీకి వెళ్ళి, పింఛను కోసం బతికే ఉన్నానని సంతకం పెట్టి వస్తున్నాను. వచ్చే నెల వెళ్ళాలి. న్యూజిలాండ్‌కి కూడా పెట్టాలని తెలిసుంటే ఒకేసారి పెట్టేసేవాణ్ణి.”

వర్షిణి దిండులో మొహం దాచుకుని నవ్వింది. ఆ నవ్వు విని ఆయన, “ఎవరమ్మా నవ్వేది? సీమంతం అమ్మాయా? మావాడు పులిహోరలో ఇంగువ తక్కువ వేస్తాడు, నువ్వు చెప్పి వేయించుకో” అన్నారు. తర్వాత కొడుకుని పిలిచారు.

“ఒరేయ్, ఇటు తిరుగు. ఒప్పుకున్న పని మధ్యలో వదలకు. వెళ్ళి చచ్చిరా. కానీ ఆ సినిమా నాకు చూపించకు.”

కాల్ ఆగాక కోటేశ్వరమ్మగారు లాప్‌టాప్ వెనక్కి ఒకసారి తొంగిచూశారు. ఇదంతా కూడా సినిమావాళ్ళే చేశారేమో, ఆ ముసలాయనకి కూడా వేషం కట్టారేమో అని ఆవిడ మనసులో ఒక మూల మెదిలే ఉంటుంది. నేనైతే అలాగే అనుమానించేవాణ్ణి. చివరికి నోట్‌బుక్ తెరిచారు.

“ఇంగువ” అని మొదటి మాట రాశారు. “సినిమా సంగతి నా నోట రాదు. ముప్పై ఏళ్ళు క్వశ్చన్ పేపర్లు దాచినదాన్ని. ఇతని నోటికి మాత్రం నువ్వే తాళం వేసుకో” అన్నారు శ్రీపతితో, నన్ను చూపించి.

శనివారం శ్రీపతిని తొమ్మిదిసార్లు చంపారు. ప్రతిసారీ ఏదో ఒకటి కుదరలేదు. ఒకసారి గుండె జారి మెట్ల మీద పడి కింద సైనికుడి నెత్తికి తగిలింది, ఒకసారి ఎక్కడి నుంచో గొర్రె అరిచింది. తొమ్మిదోసారి అతను చచ్చిన తీరుకి గుడి కింద రెండు వందల మంది చప్పట్లు కొట్టారట. నేను చూసి ఉంటే నాలుగు వందలని చెప్పేవాణ్ణి. అక్కడి నుంచి తిన్నగా సీమంతం జరిగే కమ్యూనిటీ హాలుకి వచ్చి పప్పు నానబెట్టాడు.

ఆదివారం పొద్దున మేం గిన్నెలు సర్దుతుండగా కోటేశ్వరమ్మగారు వర్షిణిని వెంటపెట్టుకుని వంటగదిలోకి వచ్చారు. పట్టుచీరలో, చేతినిండా గాజులతో వర్షిణి వెలిగిపోతోంది. వీళ్ళు మళ్ళీ మనసు మార్చుకున్నారేమోనని శ్రీపతి గరిటె కింద పెట్టాడు.

“నాకు తెలుసు సరే” అన్నారు ఆవిడ మెల్లిగా. “బయట నూటయాభై మంది. ఒక్కొక్కరికీ మీ నాన్నగారిని ఎక్కడ చూపిస్తాం?”

వర్షిణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కనుబొమల పెన్సిల్ తీసింది.

“కూర్చో అన్నా. కదలకు.”

గుండె తీసినా కదలనివాడు ఆ పెన్సిల్‌కి గిలిగింతలు పుట్టి రెండుసార్లు తుమ్మాడు. మూడోసారికి మీసం వచ్చింది. కొంచెం వంకర, కానీ దూరం నుంచి ఒత్తుగానే ఉంది. కోటేశ్వరమ్మగారు నాలుగు అడుగులు వెనక్కి వెళ్ళి చూశారు, పది అడుగులు వెనక్కి వెళ్ళి చూశారు. “ఎడమవైపు ఇంకో గీత” అన్నారు. తర్వాత అందరికంటే ముందు వర్షిణి చేతికి విస్తరాకు ఇచ్చి, “నీ చేత్తో నువ్వే పెట్టు బాబూ” అన్నారు. శ్రీపతి పులిహోర వడ్డించాడు. వర్షిణి అక్కడే నిలబడి ఒక ముద్ద తింది.

“ఇంగువ సరిపోయింది” అంది.

భోజనాల వేళకి వరస గుమ్మం దాటింది. ముందు నిలబడ్డవాళ్ళు పులిహోర కంటే శ్రీపతి ముఖాన్నే ఎక్కువగా పరిశీలించారు. షాపులో నన్ను ఆపినావిడ రెండుసార్లు వచ్చింది, రెండోసారి కళ్ళజోడు పెట్టుకుని మరీ. లోపల గారెల మూకుడు కాగుతోంది, ఆ సెగకి శ్రీపతి పెదవి మీద చెమట పట్టింది. చూస్తుండగానే కుడివైపు మీసం గడ్డం మీదికి దిగడం మొదలుపెట్టింది.

నేను ఫైర్ ఇంజన్ కథ అందుకోబోయాను. ఈలోగా కోటేశ్వరమ్మగారు చీర కొంగు పట్టుకుని వరసకీ అతనికీ మధ్య వచ్చి నిలబడ్డారు.

“పొగమ్మా, పొగ” అన్నారు కళ్ళజోడావిడతో, రెప్ప వేయకుండా. “మసి పడింది పాపం అబ్బాయికి. నువ్వు ముందు గారెలు వేయించుకో.”

నా జన్మలో అంత నిబ్బరంగా అబద్ధమాడిన మనిషిని ఇంకొకరిని చూడలేదు. అది చెప్తున్నది ఎవరో గుర్తుంచుకోండి.